వాచీకి తగిలిన దెబ్బ

ఆయుధ పూజ నాడు ఆటోనగర్‌లో మిషన్ తిప్పేవాడు ఉండడు. లేతులకీ, ప్రెస్సులకీ, పానాలకీ, సుత్తులకీ, ఆఖరికి గ్రీజు డబ్బాలకీ కూడా ఆ రోజు పసుపూ కుంకుమా పడతాయి. బెజవాడలో ఎన్ని వీధులున్నా ఆ ఒక్క రోజూ అందం ఆటోనగర్‌దే. వకుళ ప్రయోగశాల కూడా అక్కడే, ఒకప్పుడు బస్సులకి బాడీలు కట్టిన షెడ్డులో ఉంది కాబట్టి అక్కడా పూజే. ప్రయోగశాల అనగానే గాజు తలుపులూ ఏసీలూ అనుకునేరు, అదేం లేదు. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, గోడ వారగా పొడుగాటి బల్ల, ఆ బల్ల మీద వరసగా వకుళ తయారు చేసిన చేతులు.

వకుళ మేనకోడలు చంద్రిక ఒక్కో చేతికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చి చివరికి వాళ్ళ నాన్న ముందు ఆగింది.

"నాన్నా, నీ చెయ్యి కూడా ఆయుధమేగా! చాపు."

వీరభద్రం నవ్వుతూ కుడి చెయ్యి చాపాడు. అదీ చెల్లెలు చేసిన చెయ్యే. అసలుది ఇదే ఆటోనగర్‌లో పవర్ ప్రెస్సు కింద నుజ్జయిపోయింది. అప్పుడు మద్రాసులో నరాల మీద పరిశోధన చేసుకుంటున్న వకుళ, అన్న మంచం పక్కన కూర్చుని ఏడ్చి, ఏడుపు అయ్యాక కోపం తెచ్చుకుని, ఆ కోపంతోనే ఈ షెడ్డు అద్దెకి తీసుకుంది.

"కళ్ళు మూసుకో. ఏ వేలు?"

"ఉంగరం వేలు."

"ఇప్పుడో?"

"బొటనవేలు. గిల్లకే రాక్షసీ!"

తండ్రీ కూతుళ్ళకి ఇది రోజూ ఉన్న ఆటే. వకుళ కనిపెట్టినదంతా ఆ ఆటలోనే ఉంది. చేతికి తొడిగిన పల్చటి పొర తనకి తగిలిన వేడీ, చల్లనా, ఒత్తిడీ అన్నిటినీ పట్టుకుంటుంది. మోచేతి దగ్గర తెగిన నరాల కొసల్లో బఠాణీ గింజంత గుండీ ఒకటి ఉంటుంది. పొర చెప్పింది గుండీ వింటుంది, గుండీ విన్నది నరం నమ్ముతుంది. మధ్యలో తీగల్లేవు. బాగున్న నరం గుండీని దగ్గరికి రానివ్వదు, తెగిన నరమే ఆబగా అందుకుంటుంది. అందుకే ఇది చేతులు పోయినవాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరాదు. నొప్పి విషయంలో మాత్రం వకుళ ఒక కట్టడి పెట్టింది. ఎంత పెద్ద దెబ్బ తగిలినా గిల్లినంతకి మించి నరానికి చేరకూడదు. ఒకసారి పడ్డ నొప్పి చాలదా ఆ మనిషికి!

హారతి ఇస్తుండగా వకుళ గమనించింది. వీరభద్రం కుడి అరచేతిని లుంగీకి రుద్దుకుంటున్నాడు. చేతికి చంద్రిక పెట్టిన బొట్టు తప్ప ఏమీ లేదు.

"ఏంటన్నయ్యా, చెయ్యి తడిసిందా?"

"అబ్బే, ఏం లేదులేవే. నువ్వు కానీ."

కాసేపటికి ఆయన హారతి పళ్ళేనికి బారెడు దూరంలో నిలబడి చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పొర ఏదైనా పాడైందేమో చూద్దామని వకుళ దగ్గరికి వెళ్ళబోయింది. ఈలోగా పక్క షెడ్డువాళ్ళు లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించారు. టప్ టప్‌మని కాయలు చిట్లాయి, పిల్లలు కేకలేశారు. ఆ కేకల్ని మించి వీరభద్రం అరిచాడు.

అరవడం అంటే మామూలు అరుపు కాదు. ప్రెస్సు చేతి మీద పడ్డ రోజున అరిచిన అరుపు. కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని గచ్చు మీద పడి గిలగిల్లాడిపోయాడు. చంద్రిక చేతిలోంచి కుంకుమ భరిణె జారి దొర్లిపోయింది. సత్యవేణి పరుగెత్తుకొచ్చి మొగుడి తలని ఒళ్ళోకి తీసుకుంది. ఆయన చెయ్యి చూస్తే చెక్కు చెదరలేదు. వేళ్ళు అయిదూ బంగారంలా ఉన్నాయి, బొటనవేలి మీద బొట్టు కూడా చెరగలేదు.

"చక్రం… వకుళా, చక్రం ఎక్కింది నా చేతి మీద."

"ఇక్కడ చక్రం ఎక్కడుంది అన్నయ్యా?"

 వకుళ గబగబా యంత్రం తెచ్చి మోచేతి మీద గుండీ ఉన్నచోట ఆనించి చూసింది. ఆ గుండీ వినవలసింది ఒక్క పొర మాట. కానీ రెండు పొరల మాట వింటోంది. ఒకటి ఈ చెయ్యి. రెండోది ఊళ్ళో మరెక్కడో ఉంది, ఆయన అరిచిన క్షణంలోనే దాని మాట ఆగిపోయింది. పైగా తను పెట్టిన కట్టడి తీసేసి ఉంది. శుభ్రంగా, నేర్పుగా, ఒక పనితనంతో తీసేశారు.

నొప్పి తగ్గడానికి మందిచ్చాక వీరభద్రం మడత మంచం మీద పడుకుని నిజం చెప్పాడు.

"అది వాచీ వకుళా."

"వాచీ ఏంటి?"

"మార్తాండరావని, రొయ్యలు ఎగుమతి చేస్తాడే, ఆయనది. స్విట్జర్లాండు వాచీ. మన ఆటోనగర్‌లో ఒక వీధి వీధంతా కొనెయ్యొచ్చంట దాంతో. దానికి బీమా చేశారు. వాచీ వెనకాల నీ పొర అతికించి నా గుండీకి కలిపారు. ఎవడైనా దొంగ చెయ్యేస్తే నాకు తెలుస్తుంది, నేను ఫోన్ కొట్టాలి. మిషన్ కాపలా అయితే ప్రతి కుదుపుకీ కూస్తుందంట. మనిషి నరమైతే యజమాని చెయ్యి ఏదో దొంగ చెయ్యి ఏదో ఇట్టే పట్టేస్తుందంట. అందాకా బానే ఉంది. ఆయన చెయ్యి కడుక్కుంటే నాకు చల్లగా తగిలేది. ఇందాక పూజలో గంధం పూశారు, హారతి మరీ దగ్గరికి తెచ్చారు…"

"ఎవరు కలిపారు?" అంది వకుళ. ఎవరో ఆమెకి తెలుసు. ఆ షెడ్డు నడవడానికి సాయం చేస్తున్నది శ్రీకవచం ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కటే. చేతులు లేనివాళ్ళకి చేతులివ్వడం మా సామాజిక బాధ్యత అని చెప్పి, ఫోటోలు తీయించుకుని, గుండీలని ఏటా సరిచూసే పని కూడా తమ ఇంజనీర్లకే ఒప్పగించుకుంది.

"నీకేమైనా బుద్ధుందా అన్నయ్యా? ఎవడో వాచీ పెట్టుకుంటే నీ చెయ్యి కాపలా పెడతావా? నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఒప్పుకుంటావా? నేను కాదంటే నీ షెడ్డుకి సాయం ఆపేస్తామన్నారే. బల్ల మీద ఆ చేతులన్నీ ఎవరి కోసం ఎదురుచూస్తున్నాయో నాకు తెలీదా? నా చెయ్యి నాకిచ్చినదానివి నువ్వు. కాస్త అద్దెకిస్తే అరిగిపోతుందా అనుకున్నా."

వకుళకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక బల్ల మీద చేతుల వంక చూసింది. కుంకుమ బొట్లతో ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఇన్నాళ్ళూ తన తెలివితో నడుస్తోందనుకున్న షెడ్డు అన్న నరం మీద నడిచింది.

బెంజ్ సర్కిల్ దగ్గర శ్రీకవచం ఆఫీసులో కౌండిన్య అనే పెద్దమనిషి ఉంటాడు. ప్రత్యేక పాలసీలన్నీ ఆయన చేతుల మీదుగానే వెళతాయి. మహా మర్యాదస్థుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, కాఫీ తెప్పించాడు, వీరభద్రం గారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఆ మర్యాద చూస్తేనే వకుళకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కట్టడి ఎందుకు తీశారు?"

"సంకేతం స్పష్టంగా రావాలి కదా మేడమ్. గిల్లినట్టుంటే ఏది గీత, ఏది పగులు అని ఎలా తెలుస్తుంది?"

"సంకేతం కాదు. నొప్పి. మా అన్నయ్య నేల మీద పడి కొట్టుకున్నాడు."

"అదే మేడమ్, మీతో మాట్లాడాలనుకున్నది." కౌండిన్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆయన ముఖంలో విచారం లేదు, సంబరం ఉంది. "మార్తాండరావు గారు క్లెయిము పెట్టారు. పూజలో వంగినప్పుడు వాచీ పొరపాటున జారి నిమ్మకాయల పక్కన పడిందట, చూసుకోకుండా డ్రైవరు కొత్త కారు ముందుకి పోనిచ్చాడట. కెమెరా లేదు, సాక్షి లేడు. పూర్తి సొమ్ము ఇవ్వాల్సిందే. కానీ మాకు సాక్షి ఉన్నాడు! మీ అన్నయ్యకి అది జారినట్టు తగిలిందా, పెట్టినట్టు తగిలిందా?"

 అన్న ఆ సంగతి కూడా వకుళకి చెప్పాడు.

"పెట్టినట్టే అయితే ఆ మాట మధ్యవర్తి ముందు చెబితే చాలు. ఇది అద్భుతం మేడమ్! వస్తువే సాక్ష్యం చెబుతుంది. రేపు నగలకి పెట్టొచ్చు, పందెం గుర్రాలకి పెట్టొచ్చు. మీ షెడ్డు కాదు, పెద్ద భవనమే కట్టిస్తాం. ఒకటే మనవి. అక్కడ ఆయన 'నొప్పి' అనకుండా చూడండి. 'సంకేతం' అనమనండి."

"ఎందుకు?"

"నొప్పి అంటే మనిషికి హాని జరిగినట్టు అవుతుంది. మా పాలసీలో మనిషి లేడు మేడమ్. వాచీ ఉంది, కాపలా పరికరం ఉంది."

"పరికరమా!"

"సాంకేతికంగా."

"వాచీకి గీత పడితే డబ్బిస్తారు. పెట్టె పోతే డబ్బిస్తారు. పట్టీ తెగితే డబ్బిస్తారు. చక్రం కింద చెయ్యి నలిగినంత బాధ పడ్డ మనిషికి మాత్రం పేరు కూడా లేదా మీ పాలసీలో?"

"భావోద్వేగాలు నాకు అర్థమవుతాయి మేడమ్" అన్నాడు కౌండిన్య, చాలా మెత్తగా. "కానీ ఒక విషయం గుర్తుచెయ్యాలి. వాచీ కలిపినప్పుడు ఆయన గుండీ తాళం మార్చాం. ఇప్పుడది మా దగ్గరుంది. వాచీకీ చేతికీ ఒకటే తాళం. ఆయన మాట వల్ల మాకు ఇబ్బంది వస్తే ఆ గుండీ నడపలేం. అందరికీ మంచిది ఏదో మీరే ఆలోచించండి. కాఫీ చల్లారిపోతోంది."

వకుళ కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది. చేతిలో కప్పు ఉంటే ఆ మర్యాద మొహాన కొట్టేదే.

ఆ తర్వాత ఆమె షెడ్డు వదిలి కదల్లేదు. తన గుండీకి తనే దొంగలా కన్నం వెయ్యాలని చూసింది. చెయ్యి మాట ఉంచి బయటి దారి మూసెయ్యాలని చెయ్యని ప్రయత్నం లేదు. తాళం అలా వేశారు మరి, ఒకటి ఊడదీస్తే రెండూ ఊడతాయి. ఇంకా ఘోరం, మిగతా చేతులవాళ్ళకి కబురు పెడితే వాళ్ళలో కొందరు తలలు వంచుకున్నారు. ఒకామె ఎవరి వజ్రాల హారానికో కాపలా ఉంది. హారం యజమానురాలు ఎక్కడికి వెళ్ళినా ఈమెకి ఆ మెడ చెమట తగులుతుంది. ఎవరికి చెప్పుకుంటుంది, ఛీ!

వీరభద్రం ఇంట్లో అంతా మామూలుగానే ఉన్నట్టు కనిపించింది. ఆయన పొద్దున్నే కాఫీ గ్లాసుని కుడి చేత్తో పట్టుకుని, తాగకుండా కాసేపు అలాగే ఉంచుకుంటాడు. ఆ వెచ్చదనం చాలాకాలం లేక మళ్ళీ వచ్చింది కాబట్టి ఆ మనిషికి అదొక వేడుక. ఆ రోజు అలా పట్టుకుని కూర్చుంటే సత్యవేణి చూస్తూ నిలబడిపోయింది.

"ఏమండీ, వాళ్ళు చెప్పమన్నట్టు చెప్పేస్తే ఏం పోతుంది? సంకేతం అనండి, సింగినాదం అనండి. చెయ్యి ఉంటుంది కదా."

"నాది ఉంటుంది."

"మీది ఉంటే చాలదా? ఊరి గొడవ మనకెందుకండీ? చంద్రికకి జ్వరమొస్తే నుదుటి మీద ఆ చెయ్యే వేసి చూస్తారు మీరు. ఎడమ చెయ్యి ఎప్పుడైనా వేశారా?" సత్యవేణి వకుళ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు వకుళా. నువ్వు చేసిన చెయ్యే కదా!"

వకుళ చెప్పలేకపోయింది. సంకేతం అనమంటే అన్నని తనే పరికరాన్ని చేసినట్టు. నొప్పి అనమంటే ఆయన చెయ్యి తనే రెండోసారి తీసేసినట్టు. ఇలాంటి రెండు దారులు ముందు పెట్టినవాణ్ణి ఏం చేసినా పాపం లేదనిపించింది ఆమెకి.

"నీ ఇష్టం అన్నయ్యా. నువ్వేమన్నా నేను నీ పక్కనే ఉంటా."

వీరభద్రం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. 

విచారణ ఒక హోటలు సమావేశం గదిలో జరిగింది. మధ్యవర్తిగా వచ్చినావిడ విశాలాక్షి గారు, పదవీ విరమణ చేసిన జడ్జి. నూలు చీర, ముక్కు మీదకి జారే కళ్ళద్దాలు. ఒక పక్క మార్తాండరావు, రెండో పక్క కౌండిన్య, కంపెనీ లాయరు. మార్తాండరావు చేతికి అప్పుడే మరో వాచీ ఎక్కేసింది. అదీ తక్కువదేం కాదు.

"జారిపోయిందండీ" అన్నాడాయన. "అమ్మవారి ముందు అబద్ధమాడతామా? దండం పెట్టుకోడానికి వంగాను, గొలుసు వదులైంది, జారింది. నాకున్న బాధ మీకు తెలీదు. మా ఆవిడ ఇప్పటికీ అన్నం తినట్లేదు."

లాయరు వీరభద్రాన్ని పిలిచాడు. ఎవరీయన, ఎలా తెలుసు అని అంతా వివరించాడు. వినేసరికి మార్తాండరావు ఎగిరి పడ్డాడు.

"ఏంటీ? నా చేతి వాచీని ఎవడో చెయ్యి లేనోడు ఇన్నాళ్ళూ తడుముతున్నాడా? నాకు చెప్పలేదేం? ఇది నా పరువుకి సంబంధించిన విషయం!"

వకుళ పళ్ళు నూరుకుంది. దెబ్బ తగిలినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని తన పరువు పోయిందంటున్నాడు, ఎంత సిగ్గులేనితనం!

"కూర్చోండి" అన్నారు విశాలాక్షి గారు. "వీరభద్రం గారూ, వాచీ జారి పడిందా?"

"పడలేదమ్మా. పెట్టారు."

"ఎలా చెబుతారు?"

"పడితే ఠక్కున తగులుతుందమ్మా. ఇది మెల్లిగా ఆనింది. కింద తడి, పక్కన నిమ్మకాయ చల్లగా తగిలింది. కాస్త పక్కకి ఒరిగితే రెండు వేళ్ళు వచ్చి మళ్ళీ సరిగ్గా సర్ది పెట్టాయి. ఆ వేళ్ళు నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున్నే నన్ను తొడుక్కునే వేళ్ళు."

 మార్తాండరావు ఆ రెండు వేళ్ళనీ తెలియకుండానే గుప్పిట్లో దాచుకున్నాడు. కౌండిన్య సంతోషంతో లాయరుకి సైగ చేశాడు.

"ఆ తర్వాత మీకు ఏ సంకేతం అందింది?" అన్నాడు లాయరు. సంకేతం అన్న మాటని నొక్కి పలికాడు.

వీరభద్రం కుడి చేతిని బల్ల మీద పెట్టాడు. బల్ల అంచు మీద వేళ్ళని మెల్లగా అటొకసారీ ఇటొకసారీ నడిపించాడు. చెక్క నునుపుని చూసుకుంటున్నాడని వకుళకి అర్థమైంది. ఆమె కళ్ళు తిప్పుకుంది.

"సంకేతం ఏమీ అందలేదు సార్" అన్నాడు. "నొప్పి పుట్టింది."

"అంటే మీ ఉద్దేశం, ఒక రకమైన…"

"ఒక రకం కాదండీ, నొప్పి. చక్రం ఎక్కితే చేతికి పుట్టే నొప్పి. చెయ్యి నలగడం నాకు రెండోసారి కాబట్టి పోల్చుకోగలను. రాసుకోండమ్మా. ఇంకా కొందరున్నారు నాలాగా. వాళ్ళకీ పుడుతుంది. మమ్మల్ని పెట్టెకి తాళం వేసినట్టు వస్తువులకి వేశారు."

"ఇది విషయానికి సంబంధం లేదు!" అని లాయరు లేచాడు.

విశాలాక్షి గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆయన వంక చూశారు. "ఆయన మాటలో సగం తీసుకుని సగం పారేయమంటారా? వాచీని పెట్టారన్నది నమ్మాలి, నొప్పి పుట్టిందన్నది నమ్మకూడదు, అంతేనా? ఆ రెండూ ఒక్క నరమే కదండీ చెప్పింది!" అని, పక్కనున్న గుమాస్తాకి వినబడేలా స్పష్టంగా చెప్పారు. "నొప్పి అని రాయండి."

తీర్పు గట్టిగానే వచ్చింది. మార్తాండరావు క్లెయిము చెల్లదు. మనిషి నరానికి వస్తువుని కలిపే పాలసీలన్నీ తక్షణం ఆపెయ్యాలి, కలిపిన బంధాలన్నీ తెంచెయ్యాలి, సంగతి పోలీసులకి వెళ్ళాలి. హారం మోసే ఆమె షెడ్డుకి వచ్చి వకుళని కావలించుకుని ఏడ్చింది. నా మెడ నాకొచ్చిందమ్మా అంది. ఆమె చేతికీ అదే తాళమని, ఆ మెడతో పాటు చెయ్యి కూడా మొద్దుబారుతుందని ఆమెకి తెలుసు. తెలిసే ఏడ్చింది, తెలిసే సంతోషపడింది.

కౌండిన్య ఫోన్ చేశాడు. అప్పుడూ అదే మర్యాద.

"ఆర్డరు కాపీ అందింది మేడమ్. కలిపిన బంధాలన్నీ తెంచమన్నారు, తెంచేశాం. చెయ్యి విడిగా ఉంచమని ఆర్డరులో లేదు. చట్టాన్ని పాటించడం మా బాధ్యత."

వకుళ నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. ఆటోనగర్‌లో పుట్టి పెరిగినదానికి తిట్లకి కొదవా! అవతలివాడు మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఇంకా మిగిలిపోయిన తిట్లు ఆమె గొంతులోనే ఉండిపోయాయి.

అన్న ఇంటికి వెళ్ళేసరికి వీరభద్రం వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కన కాఫీ గ్లాసు పడి కాఫీ అంతా గచ్చు మీద ఒలికి ఉంది. సత్యవేణి గుడ్డతో తుడుస్తోంది. గుండీ తాళం విరిచేస్తే నరం మళ్ళీ మేలుకోదని వకుళకి తెలుసు. కొత్త గుండీకి ఆ కొసల్లో ఇక చోటు లేదు. ఆమె అన్న పక్కన కూలబడింది.

"నన్ను క్షమించు అన్నయ్యా."

"నువ్వేం చేశావే? చెయ్యి ఇచ్చావు. తీసుకున్నది వాళ్ళు." వీరభద్రం ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "మళ్ళీ మొదలెట్టు. ఈసారి ఎవడి సాయమూ వద్దు, పానాలు అమ్ముకునైనా చేద్దాం. తాళం మాత్రం చెయ్యి ఉన్నవాడి దగ్గరే ఉండాలి."

బడి బస్సు హారన్ వినిపించింది. చంద్రిక సంచీ గుమ్మంలో పడేసి పరుగెత్తుకొచ్చి తండ్రి ముందు కూర్చుంది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. 

"నాన్నా, కళ్ళు మూసుకో! ఏ వేలు?"

వీరభద్రం కళ్ళు మూసుకున్నాడు. చంద్రిక ఆయన బొటనవేలు పట్టుకుంది. కాసేపు ఆగి కాస్త గట్టిగా నొక్కింది. తర్వాత గిల్లింది. ఆయన ముఖంలో ఏ కదలికా లేదు.

"చిటికెన వేలు" అన్నాడు.

చంద్రిక తల ఎత్తి మేనత్త వంక చూసింది, తల్లి చేతిలో తడి గుడ్డ వంక చూసింది, పడిపోయిన గ్లాసు వంక చూసింది. బొటనవేలిని వదలకుండా అలాగే పట్టుకుంది.

"కరెక్ట్ నాన్నా!" అంది గట్టిగా.

వకుళ లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్లకి నిన్నటిదాకా అబద్ధం చెప్పడం రాదు.